చపలబాలురు: మందా, మచ్చికయా?

కూచిపూడిలో తరతరములుగా బాలురు తాళమునకు అడుగు కలుపుచు పెరుగుచున్నారు. అట్టిచోట కుదురులేని బిడ్డను జూచి "నాట్యము నేర్పిన కుదురును, మందెందులకు?" అని పెద్దలనుట సహజము. నాట్యము దేహమునకు మేలైన వ్యాయామమే; కాని యీ వ్యాధిని మాన్పునని ఋజువు లేదు.

ఏ.డి.హెచ్.డి. అనునది తల్లి పెంపకపు దోషము గాదు. అది మెదడు ఎదుగుదలకు సంబంధించినది, తరచుగా వంశమున వచ్చునది. బెత్తమునకు లొంగదు.

1937లో అమెరికా వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకౌషధముచే కొందరు చపలబాలురు చదువున కుదురుట గమనించెను. 579 మంది బాలలపై జరిగి 1999లో వెలువడిన పరిశోధనలో, శ్రద్ధతో నిచ్చిన మందు, శిక్షణకంటె ప్రధానలక్షణముల నెక్కువగా తగ్గించెను. రెండును గలిసినచోట తక్కువ మోతాదే చాలెను. అయినను మందు ఆకలిని, నిద్రను తగ్గింపవచ్చును; బిడ్డ బరువు, ఎత్తు, రక్తపుపోటు చూపించుచుండవలయును. ఆరేండ్లు నిండని పసివారికి తల్లిదండ్రులు శిక్షణ పొంది నడపుటయే తొలిమెట్టు.

సరస్వతీ ఆకు, లేహ్యములకు చాలినంత ఋజువు లేదు. వాడుచున్నచో వైద్యునికి దాచరాదు. చక్కెరయే చాపల్యమునకు కారణమన్నమాట పరీక్షలకు నిలువలేదు.

నియమితవేళకు నిద్ర, ఒక్కసారి కొక్కటే పని చెప్పుట, చేసినవెంటనే మెచ్చుకొనుట: ఇవి ప్రతి యింటను సాధ్యములే. ఇంటను బడిలోను గూడ ఆరుమాసములకు పైగా చాపల్యము చదువును చెరచుచున్నచో, పిల్లల వైద్యునో మానసిక వైద్యునో చూడవలయును. మందును మచ్చికను పగవారిగా నెంచక, బిడ్డకేది యక్కఱయో విచారించుటయే మాతృధర్మమని మా మనవి.