నడిగడ్డ నుండి నల్లమల దాక

పాలమూరు అనగానే మన మనస్సున మొదట మెదలునది కరవు, ఆ పిదప వలస. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను అక్కడ పాలమూరు కూలీల చెమట ఒలికినదను మాట ప్రసిద్ధము. ఆ మాట నిజమే. కాని పరుల సీమలకు నీరు తెచ్చిన ఈ జనులు తమ సీమను ఎట్లు తీర్చిదిద్దుకొనిరో పోయి చూచువారు అరుదు. హైదరాబాదు నుండి కర్నూలు పోవు రహదారిపై దినదినము వేల వాహనములు పరుగిడుచున్నవి. వానిలో ఒకటి రెండైనను కుడియెడమలకు మరలి కోటలను, చెరువులను, గుడులను పలుకరించునా అనునది సందేహము.

ఫ్రాన్సు దేశపు పశ్చిమపు కొసన బ్రిటనీ అను సీమ కలదు. అచ్చట కార్నాక్ గ్రామము చెంత వేలకొలది నిలువురాళ్ళు బారులు తీరి నిలిచియున్నవి. సెలవు దినములలో జనులు కాలినడకను, సైకిళ్ళపైన పల్లెపల్లెకు తిరుగుచు ఒక పూట ఆ రాళ్ళను, ఒక పూట పాతకోటను, ఒక పూట అడవిని చూతురు. ఆ రాళ్ళను 2025 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా స్వీకరించినది. అదే సంవత్సరమున మన నారాయణపేట జిల్లాలో కృష్ణాతీరమునందలి ముడుమాల నిలువురాళ్ళు యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు ఎక్కినవి. ఈ రెండు సీమలకు రాయి సమానమే. దానిని చూచు అలవాటు మాత్రమే సమానము కాదు.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగరు జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలు వేరుపడినవి. ఈ మూడింటి స్వభావమును తెలిసికొనుటకు రెండు మాటలు చాలును: రాయి, నీరు. పడమట కృష్ణా తుంగభద్రల నడుమనున్న నేలను అచ్చటివారు నడిగడ్డ అందురు. నడుమ వనపర్తి సీమ గుట్టలతోను, గుండ్లతోను నిండినది. తూర్పున నల్లమల అడవి. నది పారుచోట గుడి వెలసినది; నది అందనిచోట చెరువు వెలసినది; గుట్ట లేచినచోట కోట వెలసినది. ఈ క్రమమును గుర్తుంచుకొని బయలుదేరువానికి దారి తానే కథ చెప్పును.

మొదట అలంపురము. తుంగభద్ర యొడ్డున, కృష్ణాసంగమమునకు చేరువను ఉన్న ఈ ఊరిలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మాలయములు కలవు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనునవి వాని పేర్లు. పేరు బ్రహ్మదైనను లోపల ఉన్నది శివలింగమే. ఇవి రససిద్ధుల ఓషధుల పేర్లని స్థానికుల గాథ. చూపరి గమనింపవలసిన విశేషము శిఖరమునందున్నది. తొమ్మిదింట ఎనిమిదింటి శిఖరములు ఉత్తరదేశపు నాగరరీతిలో వంపుదేలి పైకి లేచి ఆమలకముతో ముగియును. తారకబ్రహ్మాలయము ఒక్కటే వేరు పోకడలది. దక్షిణాపథపు నడిమిలో ఉత్తరాది శిఖరము నిలుచుటకు కారణమేమి? చాళుక్యుల రాజ్యము రెండు దిక్కుల శిల్పులకును కూడలి అగుటయే. ఆ కూడలిని రాతిలో చూడదలచినవారు అలంపురమునకు రావలయును. బండ్లమీద రాళ్ళు తెచ్చువారు నదికి ఆవలిగట్టున ఇరుసులకు కందెన పూసికొనెడివారనియు, అందుచేతనే ఆ ఊరు కందెనవోలై, పిమ్మట కర్నూలైనదనియు ఒక ఐతిహ్యము.

అష్టాదశ శక్తిపీఠములలో ఒకటియగు జోగులాంబ ఆలయము 14వ శతాబ్దిలో నాశమైనది. ఇప్పుడున్న ఆలయము 2005లో పునర్నిర్మితమైనది. ఈ ఊరివాడైన గడియారం రామకృష్ణశర్మ ఇచ్చటి శాసనములను చదివి లోకమునకు తెలిపిన పండితుడు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికోత్సవములు అలంపురమున జరిగినవి. ఒక చిన్న ఊరు తన రాళ్ళ విలువను తాను గుర్తించినచో పండితులు, కవులు దానిని వెదకికొని వత్తురనుటకు అది నిదర్శనము.

అలంపురమున మరియొక గుడిని తప్పక చూడవలయును. అది కూడవెల్లి సంగమేశ్వరాలయము. అది మొదట ఇక్కడిది కాదు. రెండు నదుల సంగమస్థలమునందుండెడిది. శ్రీశైలము జలాశయపు నీరు దానిని ముంచునని తెలిసినప్పుడు రాయికి రాయి అంకె వేసి విప్పి, తెచ్చి, ఆ వరుసలోనే ఇచ్చట మరల నిలిపిరి. పాపనాశి ఆలయములకును ముంపు భయమే స్థానభ్రంశమును కలిగించినది. కొల్లాపురము చెంత జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయము, సోమశిల ఆలయములు కూడ ఇట్లే గట్టుకెక్కినవి. గుడిని విప్పి కట్టవచ్చును. కాని ఆ నీటి అడుగున ఉండిపోయిన ఊళ్ళను, పొలములను, చింతతోపులను ఎవరు విప్పి కట్టగలరు? సోమశిల రేవున పడవ ఎక్కి కృష్ణమ్మ వెడల్పును చూచి ఆనందించు యాత్రికుడు తన పడవ క్రింద ఒకప్పుడు కాపురములుండెనని ఒక్క క్షణము తలచికొనుట ధర్మము. వెలుగునకు, సాగునకు ఆ నీరే ఆధారము. ఆ వెలుగునకు వెల చెల్లించినవారు ఈ సీమవారు.

ఇక గద్వాల. సికింద్రాబాదు-డోను రైలుమార్గమున గద్వాల స్టేషను ఉన్నది గనుక రైలున పోవుట సుకరము. ఊరి నడుమ సోమనాద్రి అని జనులు పిలుచుకొను పెద్దసోమభూపాలుడు కట్టించిన మట్టికోట, అందు చెన్నకేశవస్వామి ఆలయము కలవు. ఈ సంస్థానాధీశులు మాఘ కార్తికములలో పండితులను రావించి సత్కరించెడివారు. అందుచేతనే ఈ ఊరికి విద్వద్గద్వాల యను పేరు. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కడపటి పాలకురాలు. ఆమె పేరిటి కళాశాల కోటలోపలనే వెలసినది. ఏనుగులు నిలిచిన చోట నేడు విద్యార్థులు నడచుచున్నారు. కోటకు ఇంతకంటె మంచి ముగింపు లేదు.

గద్వాలలో కోట చూచి మరలిపోరాదు, మగ్గము చూడవలయును. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఈ రెండు జాతుల పోగులు అతుకు కనబడకుండ ఎట్లు కలియును? నేయుచున్నప్పుడే అంచు చెంత నూలుపోగును పట్టుపోగును ఒకదానినొకటి మెలివేయుచు పోదురు. అందుచే ఒడలు తేలిక, అంచు నిండుతనము. తిరుమల బ్రహ్మోత్సవములకు స్వామివారికి సమర్పించు ఏరువాడ జోడుపంచెలు ఈ ఊరి మగ్గములపైననే నియమనిష్ఠలతో నేయబడును. చేరువనున్న రాజోలియు నేతగాండ్ర ఊరే. 2009 అక్టోబరున తుంగభద్ర వరద రాజోలిని, అలంపురమును ముంచెత్తినది. మగ్గము గుంటలో నీరు నిలిచినచో నేతగాని బ్రతుకంతయు నిలిచిపోవును. ఇచ్చట కొనిన ఒక చీర యాత్రికునకు జ్ఞాపిక, నేతగానికి జీవిక.

కృష్ణను దాటినచో వనపర్తి సీమ. ఇచ్చటి సంస్థానాధీశులు త్రవ్వించిన పెద్ద చెరువులను సప్తసముద్రములందురు. సముద్రము కానరాని సీమలో చెరువునకు సముద్రమని పేరు పెట్టుటలోనే దాహమెంతటిదో తెలియును. శంకరసముద్రము, రంగసముద్రము వానిలోనివి. శ్రీరంగాపురమున నీటియంచున నిలిచిన రంగనాయకస్వామి ఆలయము 18వ శతాబ్ది నాటిది. సాయంసమయమున గోపురపు నీడ నీటిపై చాచుకొనునప్పుడు ఆ గట్టుమీద నడచుట కంటె మేలైన వ్యాహ్యాళి లేదు. వనపర్తి రాజప్రాసాదము 1959 నుండి పాలిటెక్నిక్ విద్యకు నెలవైనది. 1952 ఎన్నికలలో వనపర్తి ప్రజలు శాసనసభకు పంపిన ప్రతినిధి గోలకొండ పత్రికా సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి. రాజుల కథలకంటె ప్రజల ఆచారములు, ఆటలు, తిండి, కట్టుబట్టలు చరిత్రకు ముఖ్యములని 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో చూపినవాడు ఈ నడిగడ్డ బిడ్డయే. ఆయన చూపును వెంట తీసికొని తిరిగినచో ఈ సీమలో ప్రతి పల్లెయు ఒక పుటయగును.

కొండ ఎక్కు ఉత్సాహము కలవారికి ఘనపురము, పానగల్లు కలవు. ఖిల్లా ఘనపురమును కాకతీయ గణపతిదేవుని పేరిట గోన గణపరెడ్డి 13వ శతాబ్దిలో నిర్మించెనందురు. రెండు గుట్టలను గోడలతో కలిపి, క్రింద గణపసముద్రమును నిలిపిన ఆ పన్నుగడ చూడదగినది. కోటకు గుట్ట రక్ష, ఊరికి చెరువు రక్ష. అడివి బాపిరాజు నవలానాయకుడు గోన గన్నారెడ్డి ఈ వంశమువాడే. వారి రాజధానియైన వర్ధమానపురము నేటి నాగరుకర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. పానగల్లు కోటకై 15వ శతాబ్ది తొలిపాదమున బహమనీ ఫిరోజ్‌షా, విజయనగర దేవరాయలు పోరాడిరి. విజయము దేవరాయల వైపునకు మొగ్గినది.

నాగరుకర్నూలు దాటి అచ్చంపేట చేరునప్పటికి నల్లమల గాలి తగులును. ఉమామహేశ్వరమును శ్రీశైలమునకు ఉత్తరద్వారమందురు. మన్ననూరు దాటినంతనే ఆమ్రాబాదు పులుల అభయారణ్యము. దాని విస్తీర్ణము 2,611 చదరపు కిలోమీటర్లు. ఫరహాబాదు కొండకొమ్మునుండి చూచినచో అడవి అలలవలె దిగిపోవుచు కనబడును. వటవర్లపల్లి చెంత మల్లెలతీర్థము వానలు వెనుకబట్టిన దినములలో అందముగా దుముకును. చైత్రపూర్ణిమ వేళ మాత్రము జనులకు తలుపు తెరచు సలేశ్వరము లోయకు రాళ్ళబాటను దిగిపోవలయును. అచ్చట పూజారులు చెంచులు. వారి పల్లెలకు పెంటలని పేరు. హైమెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు ఈ చెంచులను గూర్చి రచించిన గ్రంథము 1943లో వెలువడినది. పులికి చోటు వలయును, చెంచునకును చోటు వలయును. ఆ రెండింటి నడుమ మనము అతిథులము. అతిథికి తగిన నడత మనకుండవలయును.

ఈ యాత్రకు కార్తికము నుండి మాఘము వరకు అనువైన కాలము. గుట్టలను తెల్లవారుజామున ఎక్కవలయును; పొద్దెక్కిన పిదప రాయి కాలును. నీరు వెంట ఉండవలయును. అడవిలోనికి అటవీశాఖ అనుమతితో, వారి వాహనమున పోవలయును. రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆ దారిన రాకపోకలు నిషేధము. తినుబండారముల సంచులను అడవిలో విడువరాదు. వానికి అలవాటుపడిన కోతి రోడ్డుపాలగును, ప్లాస్టిక్కు మ్రింగిన జింక మృతినొందును.

చివరకు ఒక మాట. పాడుపడిన కోటలకు వానకంటెను ఎండకంటెను పెద్ద శత్రువు నిర్జనత్వము. మనుష్యులు తిరుగని చోట గుప్తనిధుల ఆశతో గునపము పట్టినవాడు తిరుగును. వాడు పెకలించిన నందిని, పగులగొట్టిన శాసనమును ఏ ప్రభుత్వమును మరల చేయింపజాలదు. ఊరి బడిపిల్లలు నెలకొకమారు గురువు వెంట కోట ఎక్కినచో, పట్టణపు కుటుంబము సంవత్సరమునకొక సెలవును ఈ సీమకు కేటాయించినచో, కావలివాడు లేని కోటకు వేయి కన్నులు కావలియగును. పల్లెలో ఒక పూటకూటింటికి, ఒక పడవవానికి, ఒక నేతగానికి నాలుగు రూకలు చేరును. వలసపోయిన కొడుకు ఊరికి మరలుటకు అదియు ఒక కారణము కావచ్చును.