గీత లోపలి నేల, గీత అవతలి నీరు

ఏడాది పొడవునా గాని, కొన్ని నెలలు మాత్రమే గాని నీరు నిలిచి, ఆ నీటి రాకపోకలే అక్కడి మట్టినీ మొక్కలనూ జీవజాలాన్నీ తీర్చిదిద్దే ప్రదేశాన్ని శాస్త్రవేత్తలు చిత్తడి నేల అంటారు. సరస్సులు, రెల్లు దుబ్బుల మడుగులు, మడ అడవులు, ఆటుపోట్లకు మునిగి తేలే బురద మైదానాలు, ఎడారి నడుమ ఊటలు పుట్టించిన ఒయాసిస్సులు అన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి. పడమట మౌరిటానియా తీరం నుంచి తూర్పున ఒమన్ దాకా పరచుకున్న అరబ్బు ప్రపంచంలో ఇవన్నీ ఉన్నాయి. ఎడారి దేశాల్లో ఇవి ఒకదానికొకటి చాలా దూరంగా ఉండడం వల్లనే వీటి విలువ మరింత పెరిగింది. ఐరోపా, సైబీరియాల నుంచి ఆఫ్రికాకు ఏటా రాకపోకలు సాగించే వలస పక్షులకు దారిలో ఒక మజిలీ ఎండిపోతే, తరువాతి మజిలీ వందల కిలోమీటర్ల అవతల గాని దొరకదు.

ఇటువంటి ప్రదేశాల రక్షణ కోసం దేశాలు చేసుకున్న తొలి అంతర్జాతీయ ఒడంబడిక 1971 ఫిబ్రవరి 2న, ఇరాన్‌లో కాస్పియన్ సముద్రపు ఒడ్డున ఉన్న రామ్సర్ పట్టణంలో కుదిరింది. అందులో చేరిన ప్రతి దేశమూ తన భూభాగంలోని కనీసం ఒక చిత్తడి నేలను అంతర్జాతీయ ప్రాముఖ్యం గలదిగా ప్రకటించి, దాని స్వభావం చెడకుండా కాపాడతానని మాట ఇస్తుంది; స్వభావం చెడుతున్న, లేదా చెడే ప్రమాదమున్న స్థలాల కోసం 1990లో మాంట్రో పట్టిక అనే ప్రత్యేక జాబితా ఏర్పడింది. అరబ్బు దేశాలలో అత్యధికం ఈ ఒడంబడికలో ఉన్నాయి. అయితే గత అర్ధ శతాబ్దపు అనుభవాన్ని పరిశీలిస్తే ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: చట్టం నేలకు హద్దు గీస్తుంది, చిత్తడి నేల మాత్రం ఆ హద్దుకు అవతలి నుంచి వచ్చే నీటితో బతుకుతుంది. ఆ నీటిపై ఎవరి అధికారం నడుస్తుందన్న దానిని బట్టే ఒక్కో రక్షిత ప్రాంతం నిలిచిందీ, నశించిందీ.

సరస్సుకూ ఒక వాటా

ట్యునీషియా ఉత్తర కొసన, బిజెర్త్ పట్టణానికి చేరువలో ఉన్న ఇష్కుల్ సరస్సు ఈ విషయాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపుతుంది. ఉత్తర ఆఫ్రికా తీరం పొడవునా ఒకప్పుడు వరుసగా ఉండిన మంచినీటి సరస్సులలో మిగిలిన చివరి పెద్ద సరస్సుగా దీనికి పేరుంది. 13వ శతాబ్దంలో ఇది హఫ్సిద్ రాజవంశీకుల వేటభూమి. శీతకాలపు వానలకు చుట్టుపక్కల వాగులు పొంగి సరస్సును మంచినీటితో నింపుతాయి. ఎండాకాలంలో నీటిమట్టం తగ్గగానే ప్రవాహం దిశ మార్చుకుని, తింజా అనే సన్నని కాలువ గుండా బిజెర్త్ ఉప్పుకయ్య నుంచి సముద్రపు నీరు లోపలికి వస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటితో నిండి, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంతో ముడిపడిన కొల్లేరును ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు కొత్త కాదు. మంచినీరు, ఉప్పునీరు ఏటా ఇలా వంతులు మార్చుకోవడం వల్లనే ఇష్కుల్‌లో నీటిలోపల పెరిగే ఒకరకం మొక్కలు, ఒడ్డున తుంగ సమృద్ధిగా ఎదిగేవి. వాటిని తినడానికి ఐరోపా నుంచి బూడిదరంగు హంసబాతులూ, రకరకాల బాతులూ వేల సంఖ్యలో వచ్చి శీతకాలం గడిపేవి.

1980లో ఇష్కుల్‌కు జాతీయ పార్కు హోదాతో పాటు రామ్సర్ గుర్తింపు, యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా కూడా లభించాయి. ఒక ప్రకృతి క్షేత్రానికి ఇంతకు మించిన రక్షణ కాగితం మీద సాధ్యం కాదు. కాని ఆ తరువాతి పదిహేనేళ్లలోపే సరస్సును నింపే వాగులపై, పార్కు హద్దుకు అవతల, జూమిన్, గజాలా, సెజ్నాన్ ఆనకట్టలు వరుసగా లేచాయి. పట్టణాలకు తాగునీరు, పొలాలకు సాగునీరు అవసరమే, ఆ అవసరాన్ని కాదనలేము. అయినా సరస్సుకు దక్కవలసిన నీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మంచినీటి రాక తగ్గి ఉప్పదనం పెరిగింది, తుంగ చచ్చిపోయింది, హంసబాతులకు మేత కరువైంది. 1996లో యునెస్కో ఇష్కుల్‌ను ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

తరువాత జరిగినది అరబ్బు ప్రపంచపు ప్రకృతి రక్షణ చరిత్రలో అరుదైన సంఘటన. ట్యునీషియా ప్రభుత్వం తింజా కాలువపై ఉన్న తూమును క్రమబద్ధంగా నడపడం, ఆనకట్టల నుంచి సరస్సుకు నీరు వదలడం, పట్టణంలాగా, పొలంలాగా సరస్సును కూడా నీటి వినియోగదారుగా గుర్తించడం మొదలుపెట్టింది. 2002-03 శీతకాలం నుంచి మంచి వానలు కూడా తోడు రావడంతో సరస్సు కోలుకుంది; 2006లో ప్రమాద జాబితా నుంచి బయటపడింది. వానలు పడకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న న్యాయమైనదే, కరువు ఏళ్లలో ఇష్కుల్ ఇప్పటికీ నలుగుతూనే ఉంది. అయినా నదులూ ఆనకట్టలూ పార్కూ ఒకే ప్రభుత్వం కింద ఉన్నప్పుడు, ఆ ప్రభుత్వం తలచుకుంటే తప్పును దిద్దుకోవచ్చునని ఇష్కుల్ నిరూపించింది.

భూమి అడుగున జరిగిన దోపిడి

ఆనకట్ట కంటికి కనిపిస్తుంది, బోరుబావి చేసే నష్టం కనిపించదు. జోర్డాన్ తూర్పు ఎడారిలోని అజ్రక్ ఒయాసిస్సు ఈ రెండో రకం నష్టానికి గురైంది. సిరియా వైపు ఎత్తుప్రాంతాలలో కురిసిన వాన రాతి పొరల గుండా నెమ్మదిగా ఇంకి వచ్చి ఇక్కడ ఊటలుగా పైకి పొంగేది. ఆ ఊటల చుట్టూ మడుగులు, రెల్లు తావులు, వాటి పక్కనే శీతకాలంలో నీట మునిగే విశాలమైన బురద మైదానం ఉండేవి. ఇది 1977లో జోర్డాన్ తొలి రామ్సర్ స్థలమైంది. మరుసటి ఏడాది ఏర్పడిన రక్షిత ప్రాంతాన్ని, 1966లో స్థాపితమైన రాయల్ సొసైటీ ఫర్ ది కన్సర్వేషన్ ఆఫ్ నేచర్ అనే స్వచ్ఛంద సంస్థ నిర్వహిస్తోంది.

హద్దు లోపల ఎవరూ చెట్టు కొట్టలేదు, మడుగు పూడ్చలేదు. కాని అదే భూగర్భ జలాన్ని 1980ల ఆరంభం నుంచి అమ్మాన్ నగరం కోసం గొట్టాల ద్వారా పెద్ద ఎత్తున తోడారు. చుట్టుపక్కల పొలాల వాళ్లు, వారిలో అనేకులు అనుమతి లేకుండా, తవ్వుకున్న బావులు ఆ భారాన్ని మరింత పెంచాయి. 1992 నాటికి ఊటలు పూర్తిగా ఆగిపోయాయి. 1967 ఫిబ్రవరి 2న ఇక్కడ లెక్కకు వచ్చిన పక్షులు 3,47,000 కాగా, 2000లో అదే తేదీన లెక్కకు వచ్చినవి 1,200 మాత్రమే.

1994 నుంచి తోడిన నీటిలో కొంత తిరిగి మడుగుల్లోకి పంపుతున్నారు. ఊటలు పుట్టించిన ఒయాసిస్సును పంపుల సాయంతో నిలబెట్టడం ఆదర్శం కాదు. అయినా అది జరగకపోయి ఉంటే, ప్రపంచంలో అజ్రక్‌లో తప్ప మరెక్కడా సహజంగా బతకని చిటికెన వేలంత సిర్హానీ చేప ఈపాటికి అంతరించి ఉండేది; దానిని ప్రత్యేక మడుగుల్లో పెంచి, తిరిగి ఒయాసిస్సులోకి వదిలారు. మునుపటి విస్తీర్ణంలో పదో వంతును తిరిగి తడపడమే సంస్థ పెట్టుకున్న లక్ష్యం. పదో వంతును లక్ష్యంగా పెట్టుకోవలసి రావడమే జరిగిన నష్టం ఎంతటిదో చెబుతుంది.

గల్ఫ్ దేశాలలో పరిస్థితి దాదాపు దీనికి తలకిందులుగా ఉంది. అబుధాబి పక్కన ఉన్న అల్ వత్బా సరస్సు సహజంగా ఏర్పడినది కాదు. సమీపంలోని మురుగునీటి శుద్ధి కేంద్రం వదిలిన నీరు పర్రలో నిలిచి అది పుట్టింది. ఆ నీటిలో ఉప్పురొయ్యలు పెరిగాయి, వాటి కోసం ఫ్లెమింగోలు వచ్చాయి, 1998లో అవి అక్కడ గూళ్లు పెట్టి, గుడ్లు పొదిగి పిల్లలు చేయడంతో అప్పటి దేశాధ్యక్షుడు షేక్ జాయెద్ ఆదేశంపై అది రక్షిత ప్రాంతమైంది; 2013లో రామ్సర్ జాబితాలోకీ ఎక్కింది. దుబాయిలో ఉండే వేలాది తెలుగువారికి ఆకాశహర్మ్యాల నడుమ మడ చెట్లతో కనిపించే రస్ అల్ ఖోర్ సుపరిచితమే. 2007లో గుర్తింపు పొందిన అది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో తొలి రామ్సర్ స్థలం. నగరం వాడి వదిలిన నీటినే శుద్ధి చేసి ప్రకృతికి వాటా ఇవ్వవచ్చునని అల్ వత్బా చూపుతోంది. నీటి కొరత గల ఏ నగరమైనా ఆలోచించదగిన మార్గమిది.

కాపాడే మనుషులు

ప్రకృతి రక్షణ అరబ్బులకు బయటి నుంచి వచ్చిన భావన కాదు. వాన తక్కువైన ఏళ్ల కోసం కొంత పచ్చికబయలును మేపకుండా విడిచిపెట్టే హిమా అనే ఏర్పాటు ఇస్లాముకు ముందునుంచే అరేబియాలో ఉంది. బలవంతులైన తెగ పెద్దలు తమ మందల కోసం నేలను ఆక్రమించే పద్ధతిగా ఉన్న దానిని ప్రవక్త కాలంలో అందరి మేలు కోసం ఉద్దేశించినదిగా మార్చారు. ఇరవయ్యో శతాబ్దంలో భూములు ప్రభుత్వాల అధీనంలోకి పోయి ఈ ఏర్పాటు చాలాచోట్ల శిథిలమైంది. లెబనాన్‌లో దానిని 2004 నుంచి గ్రామ పురపాలక సంఘాల ద్వారా పునరుద్ధరిస్తున్నారు. బెకా లోయలోని కఫర్ జబద్ చిత్తడి నేల అలా హిమాగా రక్షణ పొందినదే.

మౌరిటానియాలో బాంక్ దార్గాం జాతీయ పార్కు కూడా మనుషులను వెళ్లగొట్టకుండా నిలిచిన రక్షిత ప్రాంతమే. 1976లో ఏర్పడి, 12,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో సగం సముద్రంగా, సగం ఎడారిగా ఉన్న ఈ పార్కులో ఇరవై లక్షలకు పైగా తీరపక్షులు శీతకాలం గడుపుతాయి. అక్కడి ఇమ్రాగెన్ మత్స్యకారులు తెరచాప పడవలతోనే వేటాడతారు, మోటారు పడవలకు అనుమతి లేదు. కత్తిపరిగె జాతి చేపల గుంపులను డాల్ఫిన్లు ఒడ్డు వైపు తరుముతుండగా వలలు పట్టుకుని నీటిలోకి దిగడం వారి పాత వేట పద్ధతి. పార్కు జలాల్లో చేపలు పట్టే హక్కు 2000 నాటి చట్టం ప్రకారం వారికే ఉంది కనుక, చేపలు తరిగిపోకుండా చూసుకోవడం వారికి జీవన్మరణ సమస్య అయింది. ఏ కావలి దళమూ అంత శ్రద్ధగా కాపలా కాయలేదు.

మూడు దేశాల నీరు

ఇరాక్ దక్షిణ భాగంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదులు కలిసే చోట విస్తరించిన రెల్లు మడుగులను అరబ్బీలో అహ్వార్ అంటారు. 1970లలో ఇవి 15,000 నుంచి 20,000 చదరపు కిలోమీటర్ల మేర ఉండేవి. రెల్లు కట్టలను విల్లులా వంచి కట్టే ముధీఫ్ అనే అతిథిగృహాలు, చిన్న దీవులపై ఇళ్లు, రోజంతా నీటిలో ఈదుతూ మేసే గేదెలు, వాటి పాల నుంచి తీసే మీగడ, ఇదీ అక్కడి మాదాన్ ప్రజల జీవితం. బస్రా రెల్లుపిట్ట, నునుపు చర్మపు నీటికుక్క వంటి జీవులకు కూడా ఈ రెల్లే ఆశ్రయం.

1991 గల్ఫ్ యుద్ధం తరువాత దక్షిణ ప్రాంతంలో సద్దాం హుస్సేన్ ప్రభుత్వంపై తిరుగుబాటు లేచి, అణచివేతకు గురైన వారు ఈ మడుగుల్లో తలదాచుకున్నారు. ప్రభుత్వం కరకట్టలు పోసి, పెద్దపెద్ద కాలువలు తవ్వి, నదుల నీటిని పక్కకు మళ్లించి మడుగులను కావాలనే ఎండగట్టింది. 2001లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం ఉపగ్రహ చిత్రాలతో వెలువరించిన నివేదిక, సుమారు 90 శాతం చిత్తడి నేల మాయమైనట్లు లోకానికి చూపింది. నీటితో పాటు మాదాన్ ప్రజలు కూడా చెల్లాచెదురయ్యారు. ఒక జాతిని శిక్షించడానికి దాని నీటిని తీసివేయడం ఆధునిక చరిత్రలోని అతి హేయమైన నేరాలలో ఒకటి.

2003లో ప్రభుత్వం కూలగానే స్థానికులు తమంతట తామే, చేతికి దొరికిన పనిముట్లతో కరకట్టలకు గండ్లు కొట్టారు. ఎండిన మట్టిలో దాగిన రెల్లు మళ్లీ మొలిచింది, పక్షులు తిరిగివచ్చాయి, వెళ్లిపోయిన కుటుంబాలు గేదెలతో సహా మళ్లాయి. జలవనరుల ఇంజనీరు అజ్జాం అల్వాష్ 2004లో నేచర్ ఇరాక్ సంస్థను స్థాపించి ఈ పునరుద్ధరణకు శాస్త్రీయ రూపమిచ్చాడు. 2013లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం దక్కింది, అదే ఏడాది మధ్య మడుగుల ప్రాంతం జాతీయ పార్కు అయింది. 2016లో నాలుగు మడుగు ప్రాంతాలకూ, వాటితో పాటు ఉరుక్, ఉర్, ఎరిదు అనే సుమేరియన్ నగరాల శిథిలాలకూ యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది.

అయితే సద్దాం కట్టించిన కరకట్టలను జనం తవ్వగలిగారు గాని, సరిహద్దు అవతలి ఆనకట్టలు వారి చేతికి అందవు. యూఫ్రటీస్‌పై తుర్కియే నిర్మించిన అతాతుర్క్ జలాశయం 1990లో నిండడం మొదలైంది, టైగ్రిస్‌పై ఇలిసు జలాశయం 2019లో నిండడం మొదలైంది. ఇరాన్ కర్ఖే నదిపై కట్టిన ఆనకట్ట, అహ్వార్‌లో భాగమైన హవీజా మడుగులకు వచ్చే నీటిని తగ్గించింది. ఇరాక్ సొంత పొలాల్లో పాతకాలపు పారుదల వల్ల వృథా అయ్యే నీటి బాధ్యత మాత్రం పొరుగు దేశాలది కాదు. 2018లో బస్రాలో కలుషితమై, ఉప్పెక్కిన నీటి వల్ల లక్ష మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. 2021 నుంచి వరుసగా వచ్చిన కరువుల్లో గేదెలు చనిపోయి, మాదాన్ కుటుంబాలు మరోసారి నగరాల అంచులకు వలస పోయాయి.

దేశాల మధ్య పారే నదులపై 1997లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒడంబడికకు తుర్కియే వ్యతిరేకంగా ఓటు వేసింది. సరిహద్దు జలాలకు సంబంధించిన మరో ఐక్యరాజ్య సమితి ఒడంబడికలో ఇరాక్ 2023లో చేరింది. అహ్వార్‌కు తగిన నీరు అందేలా ఇరాక్, తుర్కియే, ఇరాన్ కలిసి పనిచేయాలని యునెస్కో ప్రపంచ వారసత్వ సంఘం కోరింది. ఆ మడుగులకు ఏటా ఇంత నీరు తప్పనిసరిగా రావాలని ఒక సంఖ్య రాసి, మూడు ప్రభుత్వాలూ దానికి కట్టుబడే ఒప్పందం మాత్రం ఇంతవరకు కుదరలేదు.