జ్ఞానం దగ్గర తడబడిన యంత్రం

యంత్రానికి భాషతో పనేమిటని ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్లు కొందరంటూ ఉంటారు. లెక్కకు భాష లేకపోవచ్చు గాని, అక్షరానికి ఉన్నది గదా!

2018 ఫిబ్రవరిలో జరిగిన వింత చూడండి. ఒక ప్రత్యేకమైన కూర్పులో “జ్ఞా” అనే అక్షరం ఐఫోనుకు చేరితే, దాన్ని చూపబోయిన అప్లికేషను కాస్తా కుప్పకూలేది. మన కంటికి అది ఒక్కటే అక్షరం. యంత్రానికి మాత్రం జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం. వాటి నడుమ కనబడని సంకేతం మరొకటి. ఆ వరుస వస్తే ఏం చేయాలో దానికి ఎవరూ సరిగా నేర్పలేదు. గగ్గోలు పుట్టాక, ఆ నెలలోనే ఆపిల్ కంపెనీవారు తప్పు దిద్దారు.

యూనికోడ్ పట్టికలో 1991 నుంచీ తెలుగుకు 128 స్థానాలున్నాయి. చోటుంటే సరా? వాడేవాళ్లుండాలి. మా బోయిగూడ నుంచి ఇలాటి కొలువులకు వెళ్లే పిల్లలు కూడా, “అన్నం తిన్నావా అమ్మా” అన్న మాటను ఇంగ్లీషు లిపిలోనే పంపుతారు. అలా రాసేవారికి “జ్ఞా” ఎన్నడూ ఎదురు కాదు. ఎదురు కాని తప్పును దిద్దేదెవరు?

పిల్లలు ప్రోగ్రాములు నేర్చుకోవడం సంతోషమే. ఇంటికి రాసే నాలుగు ముక్కలూ తెలుగు లిపిలో రాయమని పెద్దలు అడగాలి.