పనిలో సార్థకత: మనసులోనా, పని అమరికలోనా?

పని మనిషికి జీతం ఇస్తుందన్నది అందరికీ తెలిసినదే గాని, జీతానికి తోడు అది ఇంకేమి ఇస్తుందో స్పష్టంగా తెలిసివచ్చింది పని కోల్పోయిన ఒక ఊరిని పరిశీలించినప్పుడు. ఆస్ట్రియా రాజధాని వియన్నాకు సమీపంలోని మరీన్‌తాల్ అనే ఆ ఊరు ఒక బట్టల మిల్లును ఆనుకుని పెరిగింది. అక్కడి కుటుంబాలకు తరతరాలుగా ఆ మిల్లే ఆధారం. ప్రపంచాన్ని ఆర్థికమాంద్యం కమ్ముకున్న 1929-30 కాలంలో మిల్లు మూతపడటంతో, ఊళ్లోని 478 కుటుంబాలలో సుమారు నాలుగింట మూడు వంతులు భృతి మీద ఆధారపడవలసి వచ్చింది. మరీ యహోదా, పాల్ లాజార్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు తమ బృందంతో ఆ ఊళ్లో అడుగుపెట్టి, ఏదో ఒక విధంగా ఊరివారికి ఉపయోగపడకుండా ఎవరూ కేవలం చూసిపోవడానికి రాకూడదన్న నియమం పెట్టుకుని, నిరుద్యోగం మనుషులను ఏం చేస్తుందో నమోదు చేసి 1933లో పుస్తకంగా వెలువరించారు. పరిశోధన కోసం పేదల వాడలకు వెళ్లే ప్రతివారూ నేటికీ పాటించదగిన నియమమది.

పని లేకపోతే తీరిక దొరుకుతుందని, ఆ తీరికలో మనుషులు చదువుకుంటారని, పదిమందితో కలిసి ఏదో ఒక మంచిపని చేపడతారని ఊహించడం సహజం. మరీన్‌తాల్‌లో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగింది. గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడానికి చెల్లించవలసిన రుసుమును రద్దు చేసినా, 1929కీ 1931కీ మధ్య జనం ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు ఎవరి కంటా పడకుండా గడియారం పట్టుకుని వీధిలో నడిచేవారిని గమనిస్తే, మగవారు ఆడవారికంటే నెమ్మదిగా నడుస్తున్నారని, దారిలో పదేపదే ఆగిపోతున్నారని తేలింది. మిల్లు పని ఆడవారికీ పోయినప్పటికీ, వంట, పిల్లల ఆలనాపాలనా, చిరిగిన బట్టలకు అతుకులు వేయడం వంటి ఇంటిచాకిరీ వారి రోజుకు ఒక క్రమాన్ని నిలిపి ఉంచింది. ఏ గంటలో ఏం చేశారో రాసివ్వమని కాగితాలు పంచితే, చాలామంది మగవారికి నిద్రలేవడం, తినడం, పడుకోవడం తప్ప రాయడానికి మరేమీ కనిపించలేదు. ఆదాయం తగ్గినకొద్దీ కుటుంబాలు నిరాశలోకి జారడం కూడా పరిశోధకులు గమనించారు కాబట్టి, లేమి పాత్రను తక్కువ చేసి చెప్పడానికి వీల్లేదు; అయితే ఉచితంగా దొరికే పుస్తకాన్ని కూడా చదవనీయకుండా చేసిన ఆ నిస్సత్తువకు లేమి ఒక్కటే పూర్తి వివరణ కాజాలదు.

ఈ పరిశీలనను జీవితాంతం వెంటబెట్టుకుని ఆలోచించిన యహోదా, 1936లో ఆస్ట్రియాలో అరెస్టయి మరుసటి సంవత్సరం బ్రిటన్‌కు ప్రవాసం వెళ్లి, 1982లో వెలువరించిన గ్రంథంలో దానికొక సిద్ధాంతరూపం ఇచ్చింది. ఉద్యోగానికి పైకి కనిపించే ప్రయోజనం సంపాదన కాగా, ఎవరూ కోరకుండానే దానితోపాటు వచ్చే మరో ఐదు ప్రయోజనాలున్నాయని ఆమె వాదన: అది రోజును గంటలుగా విభజించి కాలానికి ఒక ఆకారం కల్పిస్తుంది, కుటుంబం బయటి మనుషులతో కలుపుతుంది, ఒక్కరి వల్ల కాని లక్ష్యంలో పాలు పంచుకునేలా చేస్తుంది, సమాజంలో ఒక గుర్తింపునిస్తుంది, నిత్యం ఏదో ఒక పనిలో చేతులనూ బుద్ధినీ నిమగ్నం చేస్తుంది. వీటికి ఆమె ప్రచ్ఛన్న ప్రయోజనాలని, అంటే ఉద్దేశించకపోయినా చేకూరే మేలు అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఉద్యోగ విరమణ చేసిన మరునాటి నుంచి ఆరోగ్యవంతులు కూడా కొందరు ఎందుకు డీలాపడతారో ఈ సిద్ధాంతం వెలుగులో సులభంగా అర్థమవుతుంది.

పని లేకపోవడం హాని చేస్తుందంటే, ఉన్న ప్రతి పనీ మేలు చేస్తుందని కాదు. ఈ రెండో విషయాన్ని తిరుగులేని విధంగా చూపినవి బ్రిటన్‌లోని వైట్‌హాల్ అధ్యయనాలు. వైట్‌హాల్ అంటే లండన్‌లో కేంద్రప్రభుత్వ కార్యాలయాలకు పేరుపడిన వీధి. 1967లో అక్కడి సుమారు 18,000 మంది మగ ఉద్యోగులతో మొదలైన మొదటి అధ్యయనంలో, అట్టడుగు తరగతి ఉద్యోగులు గుండెజబ్బుతో మరణించే ప్రమాదం అగ్రశ్రేణి అధికారులకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా ఉందని బయటపడింది. వీరిలో ఎవరూ కటిక పేదలు కారు, ఎవరూ గనుల్లోనో కొలిమి దగ్గరో పనిచేసేవారు కారు, అందరికీ స్థిరమైన ఉద్యోగమే. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ వంటి తెలిసిన కారణాలన్నీ కలిపి లెక్కగట్టినా ఆ తేడాలో సగం కూడా వివరణకు అందలేదు. మైకేల్ మార్మట్ నాయకత్వంలో 1985లో 10,308 మంది స్త్రీపురుష ఉద్యోగులతో ప్రారంభమైన రెండో అధ్యయనం ఆ మిగిలిన తేడాలో ఎక్కువ భాగానికి ఒక కారణాన్ని పట్టి చూపింది. అది తన పనిపై తనకున్న పట్టు, అంటే ఏ పని ముందు చేయాలో, ఎంత వేగంతో చేయాలో, ఎప్పుడు కాస్త ఆగాలో నిర్ణయించుకునే వీలు. గుండె మీద భారమంతా పెద్ద బాధ్యతలు మోసే పై అధికారులదేనన్న విస్తృతమైన నమ్మకం ఇక్కడ తలకిందులైంది. భారం ఎక్కువగా ఉండి, దానిని ఎలా మోయాలో చెప్పే హక్కు తక్కువగా ఉన్న ఉద్యోగాలే అన్నిటికంటే ప్రమాదకరమని రాబర్ట్ కారసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనాకు ఈ ఫలితాలు బలం చేకూర్చాయి.

మనస్తత్వశాస్త్రం ఇదే విషయాన్ని మరో దిక్కు నుంచి చేరుకుంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ రూపొందించిన స్వయంనిర్ణయ సిద్ధాంతం ప్రకారం, తన ఇష్టంతో తాను చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నైపుణ్యం, తోటివారితో ఆత్మీయబంధం అనే మూడూ, శరీరానికి ఆహారం ఎంత అవసరమో, మనిషి మనసుకు అంత అవసరమైనవి. ఇవి అందని పనిలో జీతం పెరిగినప్పటి సంతోషం కొద్దికాలానికే అలవాటై ఇంకిపోతుంది. క్షణికమైన సుఖానికీ, జీవితం సరైన దారిలో సాగుతున్నదన్న నిలకడైన శ్రేయస్సుకూ తేడా చూడటం అరిస్టాటిల్ కాలం నుంచీ ఉన్నదే.

సార్థకత అన్న మాట ఈ చర్చలోకి బలంగా ప్రవేశించడానికి ఎమీ రెజ్నియెస్కీ పరిశోధన ఒక ముఖ్య కారణం. 1997లో ఆమె, ఆమె సహచరులు కలిసి ప్రచురించిన అధ్యయనం, ఒకే పని చేసేవారిలో కూడా కొందరు దానిని పొట్టకూటి మార్గంగా, కొందరు పైకెదిగే మెట్లుగా, మరికొందరు తమ జీవితానికి ఉద్దేశించిన కర్తవ్యంగా భావిస్తారని, ఈ మూడో వర్గానికి పనిలోనూ జీవితంలోనూ తృప్తి ఎక్కువని తేల్చింది. తర్వాత జేన్ డటన్‌తో కలిసి ఆమె ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బందిని పరిశీలించినప్పుడు, కొందరు తమ పని ఊడ్చి తుడవడంతో సరి అనుకుంటే, మరికొందరు రోగులు కోలుకోవడంలో తమదీ ఒక చెయ్యేనని నమ్మి, ఎవరికి పలకరింపు అవసరమో గమనించడం, స్పృహలేని రోగుల గదుల్లో గోడమీది బొమ్మలను మార్చి పెట్టడం వంటివి ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారని కనిపించింది. ఇలా ఇచ్చిన పని హద్దులను తామే కొద్దిగా జరిపి దానిని తమకు అర్థవంతంగా మలచుకోవడాన్ని పరిశోధకులు 2001లో ఒక ప్రత్యేక ప్రవర్తనగా వివరించారు. ఆ మనుషుల ఔదార్యం నిజంగా గొప్పది, దానికి తగిన గౌరవం దక్కవలసిందే. అయితే ఈ పరిశోధనను యాజమాన్యాలు అందుకున్న తీరులో ఒక చిక్కు ఉంది: మనసు పెడితే ఏ పనిలోనైనా అర్థం దొరుకుతుందన్న ఉపదేశంగా అది మారిపోయినప్పుడు, అర్థం దొరకకపోవడం కార్మికుడి లోపంగా తేలి, పనిని అర్థరహితంగా అమర్చినవారి బాధ్యత చర్చకే రాకుండా పోతుంది.

కర్తవ్యభావానికి మూల్యం కూడా ఉంటుందని 2009లో అమెరికా, కెనడా జంతుప్రదర్శనశాలల సంరక్షకులపై స్టూవర్ట్ బండర్సన్, జెఫరీ థాంప్సన్ ప్రచురించిన అధ్యయనం చూపింది. సంరక్షకులలో అత్యధికులు కళాశాల చదువు చదివినవారు. చేసేది బోనులు కడగడం, మేత వేయడం. వచ్చేది చిన్న జీతం. తాము దీనికోసమే పుట్టామని గాఢంగా నమ్మినవారికి పని ఎంతో అర్థవంతంగా తోచిన మాట నిజమే గాని, వారే జీతాన్నీ, విశ్రాంతినీ, సొంత సమయాన్నీ ఎక్కువగా త్యాగం చేస్తున్నారని, ఆ భక్తిని యాజమాన్యం వాడుకునే అవకాశం వారి విషయంలోనే ఎక్కువని కూడా తేలింది.

ఈ మాట తెలుగు పాఠకులకు దూరదేశపు ముచ్చటలా తోచనక్కర్లేదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పుట్టిన ఆశా వ్యవస్థ ఊరి స్త్రీల సేవాభావం పునాదిగా నడుస్తున్నది. గర్భిణుల పేర్లు నమోదు చేయడం, కాన్పుకు ఆసుపత్రికి తోడు వెళ్లడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం నుంచి కోవిడ్ కాలంలో ఇంటింటికీ తిరిగి జ్వరాలు వాకబు చేయడం వరకు అన్నీ ఆశాల మీదే పడ్డాయి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరినీ ప్రపంచస్థాయి ఆరోగ్య నాయకత్వ పురస్కారంతో గౌరవించింది. అంత ఘనత పొందినవారిని ప్రభుత్వ నిబంధనలు మాత్రం స్వచ్ఛంద కార్యకర్తలుగానే పరిగణిస్తాయి. వారికి అందేది జీతం అనిపించుకోదు, చేసిన పనుల లెక్కన ప్రోత్సాహకమో, 2019లో ఆంధ్రప్రదేశ్ నెలకు 10,000 రూపాయలకు పెంచినటువంటి గౌరవ వేతనమో అనిపించుకుంటుంది. ఊరివారి నమ్మకం, చేసిన మేలు కళ్లారా కనపడటం, పేరు పెట్టి పిలిచే పరిచయాలు ఆశాకు పుష్కలంగా ఉన్నాయి. సార్థకత గురించి పుస్తకాలు కోరేవన్నీ ఆమె పనిలో ఉన్నాయి. అయినా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆశాలు కనీస వేతనం కోసం, ఉద్యోగ భద్రత కోసం పలుమార్లు రోడ్డెక్కవలసి వచ్చింది. సేవకు పొగడ్త చాలునన్న లెక్క ఇక్కడ అన్యాయమైన లెక్క. పడిన శ్రమకు, అందిన ప్రతిఫలానికి మధ్య పొంతన లేకపోవడం దానంతటదే ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుందని జోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ప్రతిపాదించిన నమూనా, ఆ తర్వాత వచ్చిన అనేక పరిశోధనలు చెబుతున్నాయి.

నగరాల్లోని కంప్యూటర్ ఉద్యోగుల పరిస్థితి వేరు. అక్కడ జీతానికి కొరత తక్కువ, సమయానికి కొరత ఎక్కువ. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా అంచనా కట్టాయి. చాలా సంస్థలు దీనికి విరుగుడుగా ధ్యానం తరగతులు, మానసిక దృఢత్వ శిక్షణ, ఫోనులో నడిచే ఆరోగ్య యాప్‌లు ఏర్పాటు చేస్తున్నాయి. బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని విశ్లేషించి విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన పరిశోధనలో, ఇలాంటి కార్యక్రమాల్లో పాల్గొన్నవారు పాల్గొనని వారికంటే ఏమాత్రం మెరుగ్గా లేరని, సేవాకార్యక్రమాల్లో పాలుపంచుకునే అవకాశం ఒక్కటే కొంత మినహాయింపని వెల్లడైంది. ధ్యానం చెడ్డదని దీని భావం కాదు. రాత్రి 11 గంటలకు వచ్చే ఫోను కాల్ ఆగకుండా, గడువులు వేసేటప్పుడు పని చేసేవారి మాట వినకుండా, శ్వాస మీద దృష్టి నిలపమని చెప్పడం రోగాన్ని వదిలేసి రోగికి బుద్ధులు చెప్పడం వంటిది.

పని అమరికను మార్చడమంటే ఏమిటో చూడాలంటే తెలంగాణలోని పోచంపల్లి పరిసర గ్రామాల ఇక్కత్ నేతను మించిన ఉదాహరణ అరుదు. నేయడానికి ముందే నూలును లెక్కప్రకారం కట్టి రంగులద్ది, మగ్గం మీద పోగులు కలిసినప్పుడు బొమ్మ తేలేలా చేసే ఈ పద్ధతిలో, పేక నూలును మేకుల చుట్టూ వరసగా పోసే దశను ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చేతిని మేకుల మధ్య వేల సార్లు అటూ ఇటూ తిప్పవలసిన ఈ పని గంటల తరబడి సాగేది, దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడవారి వంతుకే వచ్చేది, భుజాలను, చేతులను, చూపును హరించేది. తల్లి లక్ష్మి పడుతున్న ఆ బాధ చూసి, శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఏళ్లతరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేసి దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో కేంద్రప్రభుత్వం అతణ్ని పద్మశ్రీతో గౌరవించింది. ఈ యంత్రం తీసివేసింది ఒళ్లు హూనం చేసే చాకిరీని మాత్రమే; బొమ్మను ఊహించడం, పోగు కట్టడం, రంగు ఎంచడం, నేయడం అన్నీ మనుషుల చేతుల్లోనే మిగిలాయి. యంత్రం ఏది చేయాలి, మనిషికి ఏది వదలాలి అన్న నిర్ణయం ఆ పని బాధ తెలిసిన ఇంట్లో జరిగింది కాబట్టే అది అంత సరిగా కుదిరిందని చెప్పవచ్చు. కార్ఖానాల్లో, కార్యాలయాల్లో కొత్త యంత్రాలు దిగేటప్పుడు సాధారణంగా నైపుణ్యం యంత్రానికి పోయి చాకిరీ మనిషికి మిగులుతుంది.

అయితే నేతలో నైపుణ్యం ఉంది, మొదటి పోగు నుంచి చివరి అంచు వరకు ఒక వస్తువును పూర్తిచేసిన తృప్తి ఉంది, పనివేళలపై కొంత పట్టు ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, లేనిది రాబడి. 2019-20 అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. నూలు, రంగు పెట్టుబడి పెట్టి నేతగాడికి మగ్గం కూలీ చెల్లించే మాస్టర్ వీవర్ చేతిలోనే ధర నిర్ణయం ఉన్నంతకాలం, సహకార సంఘాలు నిల్వలు అమ్ముడుపోక బకాయిలు పడుతున్నంతకాలం, నేతవారి పిల్లలు మగ్గం దిగి పట్నంలో కాపలా ఉద్యోగానికైనా సిద్ధపడటంలో ఆశ్చర్యం లేదు. వారిని ఆపగలిగేది కళ గొప్పదనంపై మరో ప్రసంగం కాదు, చీర అమ్మిన ధరలో నేసినవారికి చేరే వాటా.