మౌసు లేని దిద్దుబాటు

ఎనుమాముల పేరు చెప్పగానే మన శ్రోతలకు మార్కెట్టు యార్డు స్ఫురించును. మిరప బస్తాల ఘాటు, పత్తి బండ్ల బారులు, దడవాయి కాంటా, అడ్తిదారు వ్రాసి ఇచ్చు తక్‌పట్టీ, ఇవన్నియు కన్నుల ముందు నిలుచును. ఆ యార్డులో జెండా పాట వేళ ఎవరైన ఒక అంకె పలికినచో అది రూపాయలు. అదే అంకెను కాంటా వద్ద పలికినచో అది కిలోలు. అంకె మారలేదు, వేళ మారినది. ఈ భేదము ఎరిగిన రైతుకు నేడు మేము చెప్పబోవు విషయములో సగము ముందే తెలిసియున్నది.

కంప్యూటరుపై మౌసు ముట్టకుండ, కేవలము కీబోర్డు మీటలతో వ్రాతను దిద్దు సాధనములు కొన్ని కలవు. వానిలో పేరు పొందినది 'వీఐ'. దాని నేటి రూపము 'విమ్'. బొమ్మలు లేని, అక్షరములు మాత్రమే కనిపించు టెర్మినల్ తెరపై ఇది నడచును. ఇది ఎవరికి కావలెనని అడుగుదురేమో. మన ప్రాంతపు యువతీయువకులెందరో నేడు కంప్యూటరు ఉద్యోగములలో చేరుచున్నారు. ఎక్కడనో దూరముననున్న సర్వరు యంత్రములో ఒక పంక్తి సరిచేయవలసి వచ్చినపుడు అచట కిటికీలును ఉండవు, మౌసు బాణమును ఉండదు. యూనిక్స్, లినక్స్ జాతి యంత్రములలో దాదాపు అన్నిటియందును 'వీఐ' మాత్రము సిద్ధముగా ఉండును. అది రానివాడు ఆ వేళ చేతులు కట్టుకొని నిలువవలసినదే.

మొదటిసారి దీనిని తెరచినవారు తప్పక తికమకపడుదురు. అక్షరములు కొట్టుచున్నను తెరపై వ్రాత పడదు. పైగా ఉన్న పంక్తులు మాయమగును. బయటకు వచ్చు దారి తెలియక యంత్రమునే ఆపివేసినవారి కథలు ప్రపంచమంతట హాస్యముగా చెప్పుకొందురు. కారణము ఒక్కటే. తెరచునప్పటికి ఈ సాధనము ఆజ్ఞల స్థితిలో ఉండును. ఆ స్థితిలో 'డీ' మీట అక్షరము కాదు, 'తొలగించుము' అను ఆజ్ఞ. 'ఐ' మీట నొక్కినచో వ్రాత స్థితి వచ్చును. అప్పుడు 'డీ' నొక్కిన 'డీ' అక్షరమే పడును. వ్రాయుట ముగిసిన పిదప 'ఎస్కేప్' మీట నొక్కినచో మరల ఆజ్ఞల స్థితి. ఇదియే మన జెండా పాటకును కాంటాకును గల భేదము. ఇక బయటకు వచ్చు దారి చెప్పెదము: ముందు 'ఎస్కేప్' నొక్కి, కోలన్ గుర్తు కొట్టి, వెంట డబ్ల్యూ, క్యూ అక్షరములు కొట్టి, 'ఎంటర్' నొక్కినచో వ్రాత భద్రమై తలుపు తెరచుకొనును. మార్పులు వద్దనుకొన్నచో డబ్ల్యూ విడిచి, కోలన్ పిదప క్యూ, దాని వెంట ఆశ్చర్యార్థకము కొట్టి 'ఎంటర్' నొక్కిన చాలును.

ఇంత చిత్రమైన ఏర్పాటు ఎందుకు చేసిరి? 1976లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థి బిల్ జాయ్ దీనిని రచించెను. ఆయన ఇంటినుండి పని చేసిన టెలిఫోను తీగపై క్షణమునకు సుమారు 30 అక్షరములు మాత్రమే వచ్చెడివి. 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు గల తెర ఒక్కసారి నిండుటకు నిమిషమునకు పైగా పట్టెడిది. అట్టి వేళ ఒక్కొక్క మీటతో ఎక్కువ పని జరుగవలెను గదా! ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌పై బాణపు గుర్తులకు వేరు మీటలు లేవు. హెచ్, జే, కే, ఎల్ మీటలమీదనే అవి అచ్చువేయబడియుండెను. నేటికిని ఆ నాలుగు మీటలే ఎడమకు, క్రిందికి, పైకి, కుడికి నడిపించును. దరిద్రము నేర్పిన పొదుపు సంపద వచ్చిన పిదపను పనికివచ్చినదన్నమాట.

ఈ ఆజ్ఞలలో వ్యాకరణము వంటిది ఒకటి కలదు. 'డీ' క్రియ, 'డబ్ల్యూ' పదమును సూచించును. రెండును కలిపిన 'పదమును తొలగించుము' అని అర్థము. 'డీ' రెండుమార్లు నొక్కినచో పంక్తి మొత్తము పోవును. ముందు 3 చేర్చినచో మూడు పంక్తులు పోవును. పొరపాటైనచో 'యూ' నొక్కిన పోయినది తిరిగి వచ్చును. చుక్క మీట నొక్కినచో కడపటి మార్పు మరల జరుగును. నాలుగు క్రియలు, నాలుగు నామములు నేర్చినవానికి పదునారు పనులు చేతికి వచ్చును. కొత్తగా వ్రాయుటకన్న వ్రాసినది దిద్దుటకే ఎక్కువ కాలము పట్టునని వ్రాతపని చేయువారందరు ఎరుగుదురు. ఈ సాధనము దిద్దువానికొరకు పుట్టినది.

నేర్చుకొనుట ఎట్లు? పూర్వము టైపు ఇన్‌స్టిట్యూటులలో లోయరు, హయ్యరు పరీక్షలకు కూర్చున్నవారికి ఇది సులభము. మీటలను చూడకుండ కొట్టు వ్రేళ్ళు వారికి ముందే ఉన్నవి. తక్కినవారు 'విమ్‌ట్యూటర్' అను అభ్యాస పాఠమును తెరచుకొనవలెను. అది విమ్‌తోపాటే సాధారణముగా లభించును, సుమారు అరగంట పని. పట్టిక కాగితము గోడకంటించి బట్టీ పట్టుట మాకు నచ్చదు. వ్రేళ్ళతో చేసినదే వ్రేళ్ళకు గుర్తుండును. అంతయు నేర్వవలెనను తొందరయు వలదు, వారమునకు రెండు ఆజ్ఞలు చాలును.

కరెంటు పోయినచో? విమ్‌ను 1991లో వెలువరించిన నెదర్లాండ్సు దేశీయుడు బ్రామ్ మోలెనార్ (ఆయన 2023 ఆగస్టులో మరణించెను) దీనికి ఉపాయము ఉంచెను. 200 అక్షరములు కొట్టిన పిమ్మట గాని, నాలుగు క్షణములు చేయి ఆగినపుడు గాని విమ్ తనంతట తాను మన వ్రాతను ప్రక్కనొక ఫైలులో దాచుకొనును. కరెంటు తిరిగివచ్చిన పిదప దానినుండి వ్రాతను రాబట్టవచ్చును.

తెలుగు వ్రాయుటకు ఇది తగునా అన్నచో, మా అభిప్రాయము సూటిగా చెప్పెదము: కథలకు, ఉత్తరములకు తగదు. 'స్త్రీ' అనునది మన కంటికి ఒక అక్షరము. యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతములు. టెర్మినల్ తెర గడికొక అక్షరమను ఏర్పాటుపై నడచునది కనుక ఒత్తులు, గుణింతములు అందు తరచు చెదరిపోవును. మరియొక చిక్కు కలదు. కీబోర్డును తెలుగునకు మార్చినవారు 'ఎస్కేప్' నొక్కి ఆజ్ఞ ఇవ్వబోయినచో తెలుగు అక్షరమే వెళ్ళును, ఆజ్ఞ పనిచేయదు. దీనికి మాత్రము విమ్‌లో మందు ఉన్నది. 'కీమ్యాప్' అను ఏర్పాటుతో వ్రాత స్థితిలో తెలుగును, ఆజ్ఞల స్థితిలో ఆంగ్లమును ఉండునట్లు అమర్చుకొనవచ్చును.