మూడో ఎత్తులో పక్కబంటు

ఆదోనిలోనైనా ఎమ్మిగనూరులోనైనా చదరంగం నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పే పాఠం ఒకటే: నడిమి గడులు పట్టు, గుర్రాలనూ శకటాలనూ బయటికి తియ్యి, రాజును భద్రం చేసుకో, పక్కబంట్ల జోలికి పోకు. 2024 డిసెంబరు 8న సింగపూరులో, ప్రపంచ చాంపియన్‌షిప్ 11వ ఆటలో, చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ మూడో ఎత్తుకే బి4 బంటు నడిపాడు. అప్పటికి స్కోరు 5-5. అతని సహాయక బృందంలో గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు కాబట్టి, అది కుర్రతనంతో వేసిన ఎత్తు అనుకోవడానికి లేదు. పాఠాన్ని అతను కాదనలేదు, పక్కదారిన అమలు చేశాడు. అప్పటికే ప్రత్యర్థి డింగ్ లిరెన్ నల్లబంటు డి4 దాకా చొచ్చుకొచ్చింది. అది అక్కడ నిలవాలంటే వెనక సి5లో ఇంకో బంటు ఆసరా కావాలి. బి4 బంటు గురి ఆ సి5 గడి మీదే. డింగ్ సి5 ఆడనే ఆడాడు. వెంటనే ఇ3 బంటుతో గుకేశ్ రెండోవైపు నుంచి డి4ను తగులుకున్నాడు. నల్లవైపు నుంచి ఈ ఎత్తుగడ బ్లూమెన్‌ఫెల్డ్ పేరుతో వందేళ్లుగా ఉన్నదే. 1922లో ఆలెఖిన్ దీనితో టారష్‌ను ఓడించాడు. గుకేశ్ దాన్నే తెల్లవైపుకు తిప్పి, ఒక ఎత్తు మిగులుతో ఆడాడు.

అసలు లాభం గడియారంలో కనిపించింది. మొదటి 40 ఎత్తులకు ఒక్కొక్కరికి రెండు గంటలే. డింగ్‌కు నాలుగో ఎత్తుకే అరగంట దాటింది. 28వ ఎత్తులో డింగ్ తప్పు చేశాడు కాబట్టే గుకేశ్ గెలిచాడు, ఇందులో ఓపెనింగ్ గొప్పేముంది అనొచ్చు. గుకేశ్ కూడా ఒక ఎత్తుకు గంటసేపు ఆలోచించాడన్నదీ నిజమే. కానీ చాంపియన్లు తీరిగ్గా ఉన్నప్పుడు చేయని తప్పులు సమయం కరిగిపోతున్నప్పుడు చేస్తారు. బి4 వంటి ఎత్తు సంపాదించిపెట్టేది ఆ ఒత్తిడినే. 1980లో స్కారాలో టోనీ మైల్స్ మొదటి ఎత్తుకే ఎ6 ఆడి, చాంపియన్ కార్పోవ్‌ను ఓడించడమూ ఇలాంటిదే.

అయితే నేర్చుకునేవాళ్లు కూడా ఇలా ఆడొచ్చా అన్న అభ్యంతరం మాత్రం బలమైనది. వింత ఎత్తులన్నీ ఒకటి కావు. మొదటి ఎత్తుకే జి4 ఆడితే సొంత రాజు పక్కనే గోడ పడగొట్టుకున్నట్టు. ప్రత్యర్థి నిదానంగా ఆడితే దాని కింద మిగిలేదేమీ లేదు. బి4 వెనక మాత్రం డి4ను కూలదోసే పథకం ఉంది, ప్రత్యర్థి బెదరకపోయినా అది ఉంటుంది. ఆ తేడా పట్టుకోవాలంటే నడిమి గడుల పాఠం ముందు ఒంటబట్టాల్సిందే. పైగా ఆశ్చర్యం ఒకసారికే పనికొస్తుంది. 13వ ఆటలో మళ్లీ తెల్లపావులు చేతికొచ్చినప్పుడు గుకేశ్ రాజు ముందరి బంటును రెండు గడులు జరిపి, అందరికీ తెలిసిన దారిలోనే మొదలుపెట్టాడు.