అడిగిన ప్రశ్నే మళ్ళీ అడగాలి

హైదరాబాద్‌లోని కోకాపేట చుట్టుపక్కల, పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు వృద్ధుల హోముల్లో చేరుతున్నారు. చేరిన రోజు బీపీ, షుగరు చూస్తారు. మనసు సంగతి అడిగేవాళ్ళు తక్కువ.

అడిగినా జవాబు సూటిగా రాదు. "నాకేం దిగులు నాయనా, బాగానే ఉన్నా" అంటారు. కాసేపాగి నిద్ర పట్టట్లేదనీ, అన్నం సయించట్లేదనీ చెబుతారు. ఇలాంటప్పుడు కుంగుబాటును అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ప్రశ్నావళి పనికొస్తుంది. అది దిగులుతోపాటు నిద్ర, ఆకలి, నీరసం గురించీ అడుగుతుంది. గత రెండు వారాల్లో ఆ ఇబ్బంది ఎంత తరచుగా ఉందన్నదాన్ని బట్టి ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టరు వివరంగా పరీక్షించాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి ఒక్క మార్కు వచ్చినా, మొత్తం ఎంతన్నది చూడకుండా ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

అయితే ఒక్కసారి అడిగితే సరిపోదు. దీనికి రుజువు హైదరాబాద్‌లోనే ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన శ్రీనివాస్ మర్మముల బృందం నగరంలోని 41 వృద్ధాశ్రమాల్లో వెయ్యి మందికి పైగా పెద్దలను పరీక్షించింది. పదిమందిలో ముగ్గురికి చూపు తగ్గి ఉంది. ముఖ్య కారణాలు శుక్లాలు, సరైన కళ్ళజోడు లేకపోవడం. చూపు తగ్గినవారిలో కుంగుబాటూ ఎక్కువే. కళ్ళద్దాలిచ్చి, శుక్లాలు తీయించి, మళ్ళీ అడిగితే కుంగుబాటు మార్కులు తగ్గాయి. రెండోసారి అడగకపోతే ఈ సంగతి తెలిసేదే కాదు.

మతిమరుపు విషయంలోనూ ఇంతే. కుంగుబాటు, థైరాయిడ్ లోపం, బి12 లోపం, వినికిడి తగ్గడం, ఇవన్నీ డిమెన్షియాలా కనిపించగలవు. ఉన్నట్టుండి తికమక మొదలైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా కారణం కావచ్చు. చికిత్స చేసి మళ్ళీ పరీక్షించకుండా "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవడం అన్యాయం.

ఇలా మళ్ళీ మళ్ళీ చూడడం అమెరికాలో నియమమే. అక్కడ 1987 నాటి చట్టం వచ్చాక, వృద్ధుల సంరక్షణ చూసే నర్సింగ్ హోములు కొత్తగా చేరినవారిని 14 రోజుల్లోగా అంచనా వేయాలి. ఆపైన మూడు నెలలకోసారి, పరిస్థితి బాగా మారినప్పుడల్లా తిరిగి చూడాలి. కుంగుబాటు కోసం అక్కడా వాడేది పీహెచ్‌క్యూ-9లోని ప్రశ్నలే.

మీవాళ్ళు ఏదైనా హోములో ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్నలు చివరిసారి ఎప్పుడు అడిగారో, ఎన్ని మార్కులొచ్చాయో కనుక్కోండి. సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416. ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.